కంభం: చెరువు, లోయ, నల్లమల

కంభం పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని చిన్న పట్టణం, మండల కేంద్రం. ఒంగోలుకు పడమరగా వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో, గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య ఉంటుంది. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్గమూ, అనంతపురం నుంచి గుంటూరు వెళ్లే 544డి జాతీయ రహదారీ ఈ ఊరి మీదుగానే పోతాయి. పడమటి వైపు నల్లమల, తూర్పు వైపు వెలిగొండ వరుసలు, నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి లోయ. ఆ లోయకు కంభం పాతకాలపు ముఖ్యపట్టణం. ఒకప్పుడు సర్కారు కేంద్రం, తర్వాత తాలూకా కేంద్రం, 2009 ఎన్నికల ముందు దాకా తన పేరుతోనే శాసనసభ నియోజకవర్గం. ఇప్పుడది గిద్దలూరు నియోజకవర్గంలో ఒక మండలం మాత్రమే.

ఈ ఊరికి కోట వచ్చింది, నవాబుల ఏలుబడి వచ్చింది, కచేరీ వచ్చింది, రైలు స్టేషను వచ్చింది. అయినా దీని చరిత్రను కోట దగ్గర మొదలుపెడితే సగం కథ తప్పిపోతుంది. ఊరికి కొద్ది దూరంలో రెండు గుట్టల నడుమ ఒక ఇరుకు సందు ఉంది. గుండ్లకమ్మ ఆ సందులోంచే బయటపడేది. ఎవరో ఒకరు ఆ సందును మూసి చెరువు చేశారు. ఆసియాలో మనుషులు తవ్వించిన, కట్టించిన పాత జలాశయాల్లో పెద్దవాటిని లెక్కించేటప్పుడు కంభం చెరువు పేరు తప్పకుండా వస్తుంది. పాలకులు మారినప్పుడల్లా ఈ ఊరి మీద కన్ను పడడానికి కారణం కొండలు కావు, కోట కాదు. ఆ కట్ట కింద పండే మాగాణి.

రాయి

కంభం పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు ఊరి పేరుగా కంటే ముందు రాతిపొర పేరుగా తెలుస్తుంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలా సముదాయాల మీద రాసిన నివేదిక భారత భూగర్భ సర్వే సంస్థ ప్రచురణగా వచ్చింది. నల్లమల రాళ్లలో పలకబారిన మెత్తటి పొరలకు ఈ ఊరి పేరు స్థిరపడింది. వాటితో పాటు వచ్చే గట్టి క్వార్ట్‌జైట్ పొరలకు బైరేనికొండ పేరు. వంద కోట్ల ఏళ్లకు చాలా ముందు సముద్రపు అడుగున పేరుకున్న బురద, ఇసుకే ఇవి. తర్వాత భూమి లోపలి ఒత్తిడికి మడతలు పడ్డాయి. గట్టి క్వార్ట్‌జైట్ అరగక కొండ అంచులుగా నిలిచింది. మెత్తటి పలకరాయి అరిగి లోయ అయింది. కంభం లోయ రూపం మొత్తం ఈ రెండు రాళ్ల మెత్తదనంలో ఉన్న తేడాయే. నదికి దారి కావాలంటే గట్టి రాతి వరుసను ఎక్కడో ఒకచోట కోసుకుని పోవాలి. అలా కోసుకున్న చోటే సందు, ఆ సందే చెరువు.

పలకరాయి తెలుగువాళ్లకు మరో రకంగా పరిచయం. లోయలో ఉత్తరాన ఉన్న మార్కాపురం పలకల పరిశ్రమ ఈ రాళ్ల మీదే బతికింది. కొయ్య చట్రం బిగించిన మార్కాపురం పలక మీద బలపంతో ఓనమాలు దిద్దిన తరాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అక్కడి రాయి ఎక్కువగా గోడలకు, నేలలకు అతికించే పరపుల రూపంలో పోతోంది.

గిద్దలూరు దాటి నంద్యాల వైపు అడవిలోకి వెళ్తే చెలిమ దగ్గర ఇంకో వింత ఉంది. భూమి లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన లాంప్రొయిట్ అనే అరుదైన శిల అక్కడ సన్నటి గోడలా కొండల్లోకి చొచ్చుకుని ఉంది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్లని తేల్చారు. ఆ జాతి శిలల్లో ప్రపంచంలోనే బాగా పాతవాటిలో అదొకటి. వజ్రాలను పైకి మోసుకొచ్చే రాళ్లలో లాంప్రొయిట్ కూడా ఒకటి కాబట్టి దాని చుట్టూ పరిశోధకుల రాకపోకలు చాలాకాలంగా ఉన్నాయి.

నది, చెరువు

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, రాచర్ల ప్రాంతంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి పక్కగా అడవి దిగి, కంభం లోయలోకి వస్తుంది. ఇక్కడ జంపలేరు వచ్చి చేరుతుంది. ఆపైన నది ఉత్తరానికి మార్కాపురం వైపు నడిచి, తూర్పుకు మళ్లి, అద్దంకి మీదుగా ఒంగోలుకు దగ్గర్లో సముద్రంలో కలుస్తుంది. కృష్ణా, పెన్నల మధ్య తన సొంత పరీవాహకం ఉన్న నదుల్లో ఇది పెద్దది. కానీ వానాధారం. నల్లమల మీద మబ్బు దిగితే రెండు రోజులు హోరెత్తుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఇసుకే కనిపిస్తుంది. ఇలాంటి ఏటి నుంచి కాలువ తీసి లాభం లేదు. వచ్చినప్పుడు పట్టి ఉంచుకోవాలి.

19వ శతాబ్ది చివరి లెక్కల ప్రకారం కంభం చెరువు కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువులోకి నీరు వచ్చి చేరే విస్తీర్ణం 430 చదరపు మైళ్లు, అంటే సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. నిండితే నీటి విస్తీర్ణం 15 చదరపు మైళ్లు. కింద నేరుగా సాగయ్యే భూమి సుమారు 10,300 ఎకరాలు. ఇప్పుడు మామూలుగా చెప్పే కొలతలు పొడవు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. నిల్వ సుమారు 3 టీఎంసీలు.

ఈ అంకెలను కలిపి చూస్తే కట్టినవాళ్ల తెలివి తెలుస్తుంది. 430 చదరపు మైళ్ల మీద అంగుళం మందాన నీరు పారి వస్తే అది దాదాపు ఒక టీఎంసీ. అంటే ఏడాది మొత్తం కురిసిన వానలో మూడు అంగుళాల పాటి నీరు ఏటిలోకి దిగితే చెరువు నిండుతుంది. నల్లమల లాంటి కొండ వాలు మీద అది అత్యాశ కాదు. అందుకని మంచి ఏడాదిలో నిండడం ఖాయం. అదే లెక్క చెరువు బలహీనతనూ చెబుతుంది. ఇంత వెడల్పున పరుచుకున్న నీటికి సగటు లోతు రెండు నుంచి మూడున్నర మీటర్లే. ఈ ఎండలకు తెరిచి ఉన్న నీటి నుంచి ఏడాదికి మీటరున్నర, రెండు మీటర్ల దాకా ఆవిరై పోతుంది. కాబట్టి ఈ ఏటి నీటిని వచ్చే ఏటికి దాచుకోవడం కుదరదు. వరుసగా రెండేళ్లు వాన తప్పితే చెరువు అడుగు బయటపడుతుంది. పశ్చిమ ప్రకాశంలో అలాంటి జంట కరువులు కొత్త కాదు. చెరువు నిండి అలుగు పారిన ఏడు మాత్రం కంభానికి తిరునాళ్లే. చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడడానికి కట్ట మీదికి వస్తాయి.

చెరువు కట్టడం మన ప్రాంతంలో ఊహ మీద జరిగిన పని కాదు. దానికి శాస్త్రం ఉండేది. కంభానికి దక్షిణాన, ఇప్పటి కడప జిల్లాలోని పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి నిలిచి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ అనంతరాజ సాగరం కట్టించినప్పుడు వేయించినది. మంచి చెరువుకు 12 అంగాలు, చెడగొట్టే దోషాలు 6 అని అది పట్టిక ఇస్తుంది. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి. నేల గట్టి బంకమన్నుదై ఉండాలి. దూరం నుంచి తియ్యటి నీరు తెచ్చే నది ఉండాలి. ఆ నదిని ఒరుసుకుంటూ కొండ కొసలు ఉండాలి. వాటి నడుమ గట్టి రాతి కట్ట, మరీ పొడవు కానిది, ఉండాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గర్లో రాతి గని ఉండాలి. కింద చదునైన సారవంతమైన పొలం ఉండాలి. దోషాల విషయానికొస్తే కట్ట నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. నిర్మాణానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టాయని కూడా అదే శాసనం చెబుతుంది.

ఈ పట్టికను చేత్తో పట్టుకుని కంభం కట్ట మీద నిలబడితే అంగాలన్నీ వరుసగా కళ్ల ముందు కనిపిస్తాయి. పోరుమామిళ్ల కట్ట కొండల మధ్య మైళ్ల కొద్దీ సాగుతుంది. కంభంలో నది కోసిన సందు ఇరుకు కాబట్టి కట్ట పొట్టిది, దాని వెనక నిలిచిన నీరు మాత్రం కనుచూపు మేర. ఖర్చుకూ ఫలితానికీ మధ్య ఇంత మంచి నిష్పత్తి ఉన్న చెరువు తెలుగు నేల మీద అరుదు. రెండు చెరువులకూ గుర్తింపు ఒకేసారి వచ్చింది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి సంఘం 2020లో ప్రకటించిన వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో కంభం చెరువు, పోరుమామిళ్ల చెరువు, కర్నూలు–కడప కాలువ ఉన్నాయి.

కట్టించింది ఎవరు

జనం నోట ఉన్న కథ ప్రకారం కంభం చెరువు కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు. ఆమెకు వరదరాజమ్మ, రుచిదేవి, అన్నపూర్ణ, జగన్మోహిని, తుక్కాదేవి అని రకరకాల పేర్లు వినిపిస్తాయి. రాయలు 1514లో ఉదయగిరి, మరుసటి ఏడు కొండవీడు పట్టుకుని, సింహాచలం దాకా వెళ్లి, ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని అతని కూతుర్ని పెళ్లాడాడు. ఆ పెళ్లి పొసగలేదనీ, రాణి కంభంలో ఒంటరిగా కాలం గడిపిందనీ, తన వేదనను తుక్కాపంచకం అనే అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందనీ, తనకిచ్చిన ధనంతో చెరువు కట్టించిందనీ కథ. మరో కథనం చెరువును 15వ శతాబ్దికి, ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన గజపతుల కాలానికి జరుపుతుంది.

రెండు కథలకూ ఉమ్మడిగా ఉన్నది గజపతుల పేరు. అది ఉత్తమాట కాదనిపిస్తుంది. రాయలు రావడానికి ముందు అర్ధ శతాబ్దం పాటు ఈ సీమ ఉదయగిరి కోట కింద, గజపతుల చేతిలోనే ఉంది. చెరువు పని ఒక తరంలో మొదలై, మరో తరంలో పెంచడం, బాగుచేయడం మన దగ్గర సర్వసాధారణం. మొదట కట్టించింది గజపతుల సామంతుడెవరైనా, రాణి కాలంలో అది మళ్లీ పెద్దదై ఉంటే రెండు కథలూ నిజమే. అలిగిన రాణి కథే ఎక్కువ చెలామణిలో ఉండడానికి కారణం ఊహించవచ్చు: రాయల పేరు తగిలిన దేనికైనా మనవాళ్లలో ఆయుష్షు ఎక్కువ. కానీ ఈ కథలో రాయలు చెరువు కట్టించినవాడు కాదు, భార్యను పట్టించుకోనివాడు. కంభం వాళ్లు రాయలను ఈ విధంగా గుర్తుంచుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

కట్టినవారి పేరు కంటే ముఖ్యమైన సంగతి కాపాడినవారిది. కట్ట, తూములు, అలుగు, కాలువలు ఏటేటా చూసుకోకపోతే మట్టి కట్ట నాలుగు వానలకు గండి పడుతుంది. సీమ ప్రాంతంలో ఇందుకు దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టిన, మరమ్మతు చేసిన వంశానికి శిస్తులో భాగం వదిలేసి, అందుకు బదులుగా చెరువు బాగోగులు చూడమనే ఏర్పాటు. తూము ఎత్తడం, వంతుల ప్రకారం మడులకు నీళ్లు వదలడం నీరటికాడి పని. అతనికి కూలి ధాన్యం రూపంలో కళ్లంలోనే ముట్టేది. ఈస్టిండియా కుంపిణీ సర్కారు వచ్చాక ఇనాముల మీద విచారణలు, శిస్తు మదింపులు నడిచాయి. చెరువు పని క్రమంగా ప్రభుత్వ ఇంజనీర్ల చేతికి పోయింది. ఊరివాళ్లు కట్టను తమదిగా చూసుకోవడం తగ్గింది. ఇది కంభం ఒక్కదాని కథ కాదు, రాయలసీమ చెరువులన్నిటి కథ.

పాలకులు

విజయనగరం 1565లో దెబ్బతిన్న తర్వాత తూర్పు కనుమల కోటలు చాలావరకు ఒక్కటొక్కటిగా గోల్కొండకు చిక్కాయి. 1650లో మీర్ జుమ్లా గండికోట పట్టుకునేనాటికి ఈ లోయ చుట్టూ గోల్కొండ పాలనే. 1687లో గోల్కొండ మొగలుల పాలైంది. వాళ్లు ఈ ప్రాంతాన్ని కర్ణాటక బాలాఘాట్ అని పిలిచి సర్కార్లుగా విడదీశారు: కంభం, గండికోట, సిద్ధవటం, గుర్రంకొండ, గుత్తి. గండికోట, గుత్తి వంటి దుర్గాల వరుసలో కంభం నిలవడం చూస్తే ఆనాటి దాని స్థాయి అర్థమవుతుంది. ఆ నాలుగింటికీ కోట బలం. కంభానికి చెరువు బలం.

18వ శతాబ్దిలో కడప నవాబులు, 1779 తర్వాత హైదర్ అలీ, టిప్పు, 1792 శ్రీరంగపట్నం సంధితో హైదరాబాదు నిజాం, 1800 అక్టోబరులో కుంపిణీ. ఇరవయ్యేళ్లలో నలుగురు యజమానులు. ఊళ్లో నేటికీ బలంగా వినిపించే ఉర్దూ, పాత మసీదులు, దర్గాలు ఆ కాలపు మిగులే. నిజాం దత్తం చేసిన జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పాళెగాళ్లను అణచి, రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. కంభం మొదట కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు కలెక్టరేటు ఏర్పడినప్పుడు మార్కాపురం, కోయిలకుంట్లతో పాటు అందులో కలిసింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం తాలూకాతో పాటు ఈ సీమ తూర్పుకు మళ్లింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఇలా సీమ నుంచి కోస్తాకు మారింది కాగితాల మీదే. మాట, తిండి, కరువు అన్నీ సీమవే. మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా కావాలని పశ్చిమ ప్రాంతం దశాబ్దాల పాటు అడగడానికి మూలం ఇదే.

పాళెగాళ్ల చివరి తిరుగుబాటు సెగ కంభం తాలూకాకూ తగిలింది. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాక, కుంపిణీ సేన తరుముతుంటే నల్లమల దాటి గిద్దలూరు వైపు వచ్చాడు. అక్కడ పోరు జరిగింది. కొన్ని నెలల తర్వాత పట్టుబడిన అతన్ని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు.

ఆ తర్వాతి పెద్ద దెబ్బ 1876–78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు బాగా కుదిపేసిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని కరువు కూలీలకు పని చూపించాడు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కదలిక నది వెంబడి ఎగువకు పాకి, 1880ల్లో కంభం కూడా మిషను కేంద్రమైంది. మాల మాదిగ వాడలకు బడి మొదటిసారి వచ్చింది ఆ దారినే.

రైలు, నీలి సాలీడు

1880ల్లో బళ్లారి–కృష్ణా మార్గంగా గుంతకల్లు నుంచి బెజవాడ వైపు మీటరుగేజి రైలు వేశారు. నంద్యాల నుంచి కంభం లోయకు రావాలంటే నల్లమలను దాటాలి. గాజులపల్లికీ దిగువమెట్టకూ మధ్య కనుమల్లో బొగద తొలిచి, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన ఇనుప వంతెన కట్టారు. 1990ల్లో బ్రాడ్‌గేజి అయినప్పుడు మార్గం కొంత మారి, పాత వంతెన పనిలేక అడవిలో మిగిలిపోయింది. రైలు రావడంతో లోయ పంటకు బెజవాడ, గుంతకల్లు మార్కెట్లు దగ్గరయ్యాయి. కరువు వచ్చినప్పుడు బయటి ధాన్యం రావడానికీ వీలైంది. నల్లమల కలప బయటికి పోవడానికీ అదే దారి.

ఆ కలప వెంట ఒక జీవి కూడా ప్రయాణం చేసింది. 1899లో బ్రిటిషు జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్ గుత్తి రైల్వే కలప దొడ్డిలో దొరికిన ఒక పెద్ద సాలీడును వర్ణించాడు. లోహపు మెరుపున్న ముదురు నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. పేరు పోయెసిలోథేరియా మెటాలికా. ఆ తర్వాత వందేళ్ల పాటు అది శాస్త్రవేత్తల కంట పడలేదు. గుత్తి దగ్గర వెతికితే లేదు. చివరికి 2001 ప్రాంతంలో గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో, వంద కిలోమీటర్ల అవతల దొరికింది. కలప దుంగ తొర్రలో దాక్కుని అది రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం. అది బతికేది పాత చెట్ల తొర్రల్లోనే. ఉన్న చోటు వంద చదరపు కిలోమీటర్ల లోపు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. పెంపుడు సాలీళ్ల వ్యాపారంలో విదేశాల్లో దానికి మంచి ధర. పుట్టిన అడవి పక్కన ఉన్న మన ఊళ్లలో దాని పేరు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

అడవి

కంభానికి పడమటనున్న అడవి గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు సాగుతుంది. 1990లో ప్రకటించిన ఆ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 1,194 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికీ, దక్షిణాన శేషాచలం అడవులకూ మధ్య ఇది వంతెన లాంటిది. పులి తిరగడానికి అడవి తెగకుండా ఉండాలి కాబట్టి, ఈ నడిమి ముక్క విలువ విస్తీర్ణం కంటే ఎక్కువ. ఇక్కడి శిఖరాల్లో బైరేనికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం రెండూ 900 మీటర్ల ఎత్తు దాటినవి. నల్లమలలో బాగా ఎత్తైనవి ఇవే.

అడవి ఆకు రాల్చే రకం. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, తునికి, వెదురు. మార్చి వచ్చేసరికి కొండ మొత్తం ఎండుకట్టెల రంగు. తొలకరి పడ్డ పదిరోజులకు పచ్చబడుతుంది. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, దుప్పి, కొండగొర్రె, బెట్లుడత ఉన్నాయి. ఎండాకాలం జంతువులు నీటి గుండాల చుట్టూ చేరతాయి. అడవి నిప్పు కూడా ఆ కాలంలోనే.

కొండల మీద చెంచులు ఉంటారు. తేనె, జిగురు, కుంకుళ్లు, గడ్డలు, వేట వారి పాత జీవనం. ఇప్పుడు వేట నిషేధం, అభయారణ్య నిబంధనలు, గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ల మధ్య అది చాలా మారింది. శ్రీశైలం కేంద్రంగా వారి కోసం 1976లో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అడవికి దారి చూపేది, నిప్పు ఆర్పేది, పులి అడుగు గుర్తుపట్టేది చెంచులే. అడవి కాపలాలో కూలీలుగా కాక హక్కుదారులుగా వారికి చోటు ఉండాలన్నది ఎప్పుడో తేలవలసిన విషయం.

చెరువు కింద మాగాణిలో వరి, పసుపు, అరటి. చెరువు నీరు అందని మెట్టలో కంది, పత్తి, మిరప. అక్కడ బోరే దిక్కు. లోతుకు పోయే కొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడు పెరగడం పశ్చిమ ప్రకాశం అంతటా ఉన్న తిప్పలు. వాన లేని ఏడు పనికోసం గుంటూరు మిరప కోతలకో, హైదరాబాదు కట్టడాల పనికో పోవడం ఇక్కడి పల్లెలకు అలవాటైపోయింది.

వెలిగొండ

ఈ లోయ ఆశలన్నీ ఇప్పుడు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మీద ఉన్నాయి. శ్రీశైలం జలాశయపు ముంపు అంచున కొల్లంవాగు దగ్గర కృష్ణ వరద నీరు తీసుకుని, నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున తొలిచిన రెండు సొరంగాల గుండా ఇటు తేవడం దాని పథకం. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 43.5 టీఎంసీలు మళ్లించి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో నాలుగున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా తడపాలని లక్ష్యం. నీరు నిలిపేందుకు సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులు మూసి నల్లమల సాగర్ కట్టారు. కంభం చెరువు కట్టినవాళ్లు చేసిన పని కూడా అదే. తేడా నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నదే: అది సొంత కొండ వాన మీద ఆధారపడింది, ఇది కృష్ణ వరద మీద, నలుగురి వాటాల మీద ఆధారపడింది. ముంపు గ్రామాల పునరావాసం ఈ ప్రాజెక్టుకు పెద్ద బాకీ.

కృష్ణ నీరు వచ్చినా పాత చెరువు పని తీరిపోదు. పూడిక వల్ల తగ్గిన నిల్వ, చెరువు అంచుల్లోకి జరిగిన సాగు, తూముల మరమ్మతు, కాలువల చివరి పొలాలకు నీరు అందకపోవడం వంటివి వారసత్వ బిరుదుతో తీరేవి కావు.

ఒక మనవి. 19వ శతాబ్ది తొలి దశకాల్లో కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన గ్రామ చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చువేసింది. కంభం అప్పట్లో ఆ జిల్లాలోదే. ప్రభుత్వ లెక్కలు, కైఫీయత్తులు పోగా చెరువు గురించిన మిగతా చరిత్ర ఇళ్లలో ఉంది: దశబంధం పట్టాలు, కరణాల లెక్కల కట్టలు, నీటి వంతుల చీటీలు, అలుగు పారిన ఏళ్లలో తీసిన ఫోటోలు. కంభం, అర్ధవీడు, బేస్తవారిపేట వైపు అలాంటివి ఉన్నవాళ్లు వాటిని చెదలకు వదలకుండా బ్రౌన్ కేంద్రానికో, దగ్గర్లోని కళాశాలకో నకళ్లయినా ఇవ్వాలి.